మాస్టరు చేతి పెసరట్టు

పెసరట్టు వేయడం తేలికని ఎవరైనా అంటే వాళ్ళింకా మంచి పెసరట్టు తినలేదనే నేననుకుంటాను. మినపట్టుకి పులిసిన పిండి సగం పని చేసిపెడుతుంది. రాత్రంతా పొంగిన పిండి పెనం మీద పడగానే తనంతట తనే చిల్లులు పడుతుంది, గరిటె ఎటు తిప్పితే అటు పరుచుకుంటుంది. పెసరపిండికి ఆ ఆసరా లేదు. దాన్ని పులవనివ్వకూడదు. అప్పటికప్పుడు రుబ్బిన బరువైన పిండి, గరిటెకి అతుక్కునే పిండి. దాన్ని చిరగకుండా పల్చగా లాగి, అంచు కరకరలాడుతూ నడుమ మెత్తగా ఉండేలా తీయగలిగినవాడే టిఫిను మాస్టరు. గోదావరి జిల్లాల హోటళ్ళలో ఇలాంటి మాస్టర్లు ఇంకా కొందరున్నారు. వాళ్ళ గురించి రాయకుండా ఉండలేను.

పని తెల్లవారుజామున నాలుగింటికి మొదలవుతుంది. పొట్టుతో ఉన్న పచ్చ పెసలు అప్పటికే నాని ఉంటాయి. పొట్టు కడిగేసిన పప్పుతో వేసేదాన్ని పెసరట్టు అనడానికి నాకు మనసొప్పదు. రంగూ కమ్మదనమూ పొట్టులోనే ఉన్నాయి. కరకర కోసం పెసలతో పాటు గుప్పెడు బియ్యం నానేస్తారు. గుప్పెడే. బియ్యం ఎక్కువైతే అట్టు బిరుసెక్కి, చల్లారగానే అట్టముక్కలా అవుతుంది. రుబ్బేటప్పుడు అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు పడతాయి. నీళ్ళు మాత్రం చూసి చూసి పోయాలి. పిండి వేళ్ళ మధ్య సన్నటి బరకగా తగలాలి. వెన్నలా నూరితే అట్టు సాగుతుంది, మరీ బరకగా వదిలేస్తే పెనం మీద విడిపోతుంది. రోలు పోయి గ్రైండరు వచ్చినందుకు నాకు బాధ లేదు, అందులోనూ తిరిగేది రాయే. మిక్సీతో మాత్రం రాజీపడలేను. దాని బ్లేడు పిండిని వేడెక్కిస్తుంది, ఆ తేడా మొదటి ముక్కలోనే తెలిసిపోతుంది.

మంచి హోటలుని గుర్తుపట్టాలంటే పిండి గిన్నె వైపు చూడండి. పెసరపిండి నిలవుండదు. పొద్దెక్కేకొద్దీ నీరు వదులుతుంది, పైన రంగు మారుతుంది, తర్వాత పులుపు తిరుగుతుంది. అందుకే తెలిసిన మాస్టరు ఒకేసారి డేగిసా నిండా రుబ్బి పెట్టుకోడు. ఏడింటికి ఒక వాయి, ఎనిమిదిన్నరకి ఇంకో వాయి. జనం ఎక్కువొచ్చి పిండి అయిపోతే, ‘రుబ్బుతున్నారండీ, పావుగంట కూర్చోండి’ అని సర్వరు చెప్పే హోటలు దొరికితే లేవకండి, కూర్చోండి.

ఇక పెనం. దళసరి ఇనప పెనం, ఏళ్ళ తరబడి నూనె తాగి నల్లగా నిగనిగలాడే పెనం కావాలి. మాస్టరు దాని మీద నీళ్ళు చిలకరించి, ఆ చుయ్యిమనే చప్పుడు విని, చీపురుతో ఒక్క తుడుపు తుడిచి, సగానికి కోసిన ఉల్లిపాయతో నూనె రాస్తాడు. ఆ నీళ్ళకి పెనం వేడి కాస్త దిగుతుంది. పిండి వేయాల్సింది సరిగ్గా ఆ రెండు మూడు క్షణాల్లోనే. పెనం మరీ కాలి ఉంటే పిండి గరిటెతో పాటు లేచి వచ్చేస్తుంది, వేడి చాలకపోతే కరుచుకుంటుంది. గరిటె అడుగుతో నడుమ నుంచి బయటికి, బరువు పెట్టకుండా, ఆగకుండా తిప్పాలి. వెనక్కి వెళ్ళి సరిదిద్దితే అక్కడ పిండి ముద్దకడుతుంది. తర్వాత మంట పెంచి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, మిర్చి, అల్లం ముక్కలు, జీలకర్ర చల్లి, అట్లకాడతో వాటిని పిండిలోకి అదిమి, అంచు చుట్టూ నూనో నెయ్యో వేస్తారు. రెండోవైపు తిప్పాలా వద్దా అన్నది ఇళ్ళలో తెగని తగువు. నేను తిప్పేవాళ్ళ పక్షం. ఉల్లిపాయ ఒక్క క్షణం పెనానికి తగిలి, అంచు ఎర్రబడితేనే దాని తీపి బయటికొస్తుంది.

ఇదంతా ఒక్క అట్టు సంగతి. ఆదివారం పొద్దున రద్దీలో, పెద్ద పెనం మీద ఏడెనిమిది అట్లు ఒక్కోటి ఒక్కో దశలో కాలుతుంటాయి. ఎవరికి ఉల్లి, ఎవరికి సాదా, ఎవరికి నేతితో, ఎవరికి ఉప్మా పెట్టి, అన్నీ సర్వర్ల కేకల్లోనే వస్తాయి. చీటీ ఉండదు. అయినా మాస్టరు పొరబడడు. రావులపాలెం దగ్గర పాక హోటల్లో ఒక పెద్దాయన అట్టు వైపు చూడకుండా చప్పుడు మారడాన్ని బట్టి తిప్పేవారు. పచ్చి పిండిలో తడి ఇగిరేదాకా ఒక చప్పుడు, ఇగిరాక ఇంకో చప్పుడు అని ఆయనే చెప్పారు. అంచు తనంతట తను పెనాన్ని వదిలేదాకా అట్లకాడ ఆనించేవారు కాదు. ఆయన చేతి అట్టు ఒక్కటైనా చిరగడం నేను చూడలేదు.

దానికి జత ఉప్మా. బొంబాయి రవ్వని నేతిలో వేయించి, జారుగా ఉండగానే దించిన ఉప్మా అట్టు మడతలో పడాలి. ముద్ద కట్టిన ఉప్మా పెడితే రెండూ పాడవుతాయి. జీడిపప్పు వేసి, ధారాళంగా నెయ్యి పోసినదాన్ని ఎమ్మెల్యే పెసరట్టు అంటున్నారు. హైదరాబాదులో ఎమ్మెల్యే క్వార్టర్స్ క్యాంటీన్ నుంచి ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. ఎక్కడి నుంచి వచ్చినా, దాని ప్రాణం అల్లప్పచ్చడి. అల్లాన్ని నూనెలో దోరగా వేయించి పచ్చి ఘాటు చంపాలి, వాసన చావకూడదు. ఎండుమిర్చి, చింతపండు, బెల్లం, ఉప్పు కలిపి నూరి, పోపు పెడతారు. నాలిక మీద ముందు పులుపు, వెంటనే తీపి, మింగాక గొంతులో అల్లం తెలియాలి. పెసరట్టుకి సాంబారు అడిగేవాళ్ళున్నారు, పోసే హోటళ్ళూ ఉన్నాయి. అది మాస్టరుకి అవమానం, నేను వాదనకి సిద్ధం.

మన దగ్గర డబ్బిచ్చి అన్నం తినడం కొత్తేమీ కాదు. వినుకొండ వల్లభరాయుని ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి భోజనం ఒక్క రూకకి ఎంత ఘనంగా ఉండేదో వర్ణన ఉంది. గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మ తెలియని తెలుగువాడు లేడు. మద్రాసు రాష్ట్రంలో ఉన్నరోజుల్లో ఉడిపి హోటళ్ళ పద్ధతులూ మనకి వచ్చి కలిశాయి. కాని గోదావరి వడ్డనలో కనిపించే ఆ కొసరు మాత్రం కోనసీమలోని లంకల గన్నవరం నుంచి వచ్చిందని నా నమ్మకం. డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా ఆ ఊళ్ళో వండి పెట్టారు. ఆమె డబ్బు తీసుకోలేదు, హోటలు తీసుకుంటుంది. అయినా ‘ఇంకొంచెం వేయమంటారా’ అని అడిగే గొంతు ఒకటే.

ఆ గొంతు వినాలంటే కాకినాడ సుబ్బయ్య హోటల్లో ఆకు ముందు కూర్చోవాలి. కూరలూ పచ్చళ్ళూ పులుసులూ పొళ్ళూ ఆకంతా నిండిపోయాక కూడా వడ్డించేవాళ్ళు వదలరు. బతిమాలి వేస్తారు. గుంటూరులో శంకర్ విలాస్ పేరు ఏకంగా ఊరి నడిబొడ్డున కూడలికే స్థిరపడింది. బెజవాడ గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఇడ్లీ మీద వెన్న ముద్ద, పక్కన కారప్పొడి. ఎన్టీఆర్ అక్కడ తిన్నారని బెజవాడవాళ్ళు ఇప్పటికీ మురిపెంగా చెబుతారు. 1992లో జంధ్యాల తన సినిమాకి ‘బాబాయ్ హోటల్’ అని పేరు పెడితే తెలుగువాళ్ళకి వివరించాల్సిన పని పడలేదు. మన ఇడ్లీ తమిళుల ఇడ్లీకి నకలు కాదు. వాళ్ళు ఉప్పుడు బియ్యం రుబ్బుతారు, మనం మినపప్పు రుబ్బి ఇడ్లీ రవ్వ కలుపుతాం. ఒక చుక్క మినప్పిండి నీళ్ళలో వేస్తే తేలాలి. తేలేదాకా రుబ్బుతూ ఉండాల్సిందే.

అదే పిండి కోనసీమకి వెళ్ళేసరికి పొట్టిక్క అవుతుంది. అంబాజీపేట పొట్టిక్కల రుచి తెలిసినవాళ్ళు ప్లేటిడ్లీ జోలికి పోరు. నాలుగు పనసాకులు కొబ్బరి ఈనెలతో గుచ్చి బుట్టలా కడతారు. చిల్లు పడితే పిండి కారిపోతుంది, మరీ బిగిస్తే ఆకు చీలుతుంది. ఆ బుట్టలో పిండి పోసి ఆవిరి పెడితే, ఆకు పసరు వాసన పిండి లోపలిదాకా ఎక్కుతుంది. వేడి వేడి పొట్టిక్క మీద ఆకు వలిచినప్పుడు దాని ఈనెల గీతలు ఇడ్లీ ఒంటి మీద అచ్చుపడి ఉంటాయి. ఇంకాస్త ఇటు పాలకొల్లు వస్తే దిబ్బరొట్టె. మందపాటి మూకుడులో నూనె పోసి, మినప్పిండి అరచేతి మందాన వేసి, మూత పెట్టి, పైనా కిందా నిప్పులతో నిదానంగా కాలుస్తారు. అడుగు ఎర్రగా పెళుసుగా, లోపల దూదిలా వస్తుంది. చెరకు పానకంలో ముంచుకుని తినాలి. గ్యాసు స్టవ్వు మీద అడుగు మంటతోనే చేసినదానికి ఆ పై పొర రాదు, ఎంత పేరున్న హోటలువాళ్ళు చేసినా రాదు.

ఇంత విద్య మన కళ్ళ ముందే పోతోంది. నా కోపమంతా పేర్లు వాడుకునేవాళ్ళ మీద. హైవే పొడుగునా, ఊరూరా, బాబాయిలూ పిన్నులూ అమ్మమ్మలూ బోర్డుల మీద వెలిశారు. లోపలికి వెళ్తే మినప్పిండిలో కాస్త పెసరపిండి కలిపి పెసరట్టు అని పెడుతున్నారు. దానికైనా ముందురోజు పిండి, ఫ్రిజ్‌లోంచి తీసిన పిండి, పొంగడానికి సోడా. నెయ్యి అని రాసినచోట డాల్డా. అల్లప్పచ్చడి పేరుతో బెల్లం పాకంలో చింతపండు గుజ్జు. చీజ్ పెసరట్టు, షెజ్వాన్ పెసరట్టు అని మెనూ నిండా రాస్తారు, సాదా పెసరట్టు అడిగితే అది సరిగా రాదు. అరటాకు బొమ్మ అచ్చేసిన ప్లాస్టిక్ పూత కాగితం మీద వేడి అన్నం వడ్డిస్తున్నారు. ఇదే రుచి అనుకుని ఎదిగే పిల్లలు పెద్దయ్యాక అసలుది ఎదురైనా గుర్తుపట్టలేరు. అదే నన్ను ఎక్కువగా బాధపెడుతోంది.

బోర్డుకి మనం ఇచ్చే మర్యాదలో పదోవంతు కూడా పెనం ముందు నిలబడ్డవాడికి ఇవ్వలేదు. ఏ హోటలు ఎప్పుడు పెట్టారో, ఎన్ని బ్రాంచీలున్నాయో చెబుతాం. అట్టు వేసిన మనిషి పేరు అడగం. బందరు లడ్డుకి, ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో పూతరేకులకి వచ్చినప్పుడు అందరం సంతోషించాం. సంతోషించాల్సిందే. కాని నాలుగింటికి లేచి, పొయ్యి సెగ ముందు పదకొండు దాకా నిలబడే మాస్టరుకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. మోకాళ్ళు అరిగిపోతాయి, ముంజేతుల మీద కాలిన మచ్చలు మిగులుతాయి. కొడుకుని ఈ పనికి రానివ్వనని చెప్పిన మాస్టర్లే నాకు ఎక్కువగా తెలుసు. వాళ్ళని తప్పుపట్టలేను. ఆ కొడుకు పట్నంలో ఏ ఉద్యోగం చేసినా ఇంతకంటే సుఖంగానే ఉంటాడు.

హోటలు యజమానులకి నా విన్నపం ఇది. గోడ మీద మీ తాతగారి ఫోటో పక్కన మాస్టరు ఫోటో పెట్టండి, బోర్డు మీద ఆయన పేరు రాయండి. మేనేజరు కంటే ఎక్కువ జీతం ఇవ్వండి, ఆయన పక్కన ఒక కుర్రాణ్ణి జీతమిచ్చి నేర్చుకోవడానికి పెట్టండి. గరిటె తిప్పడం నెలలో వస్తుంది. పెనం చప్పుడు చెవికి పట్టాలంటే ఏళ్ళు కావాలి. హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలవాళ్ళు పాస్తా, పుడ్డింగులు నేర్పినట్టే పొట్టిక్క బుట్ట కుట్టడం, దిబ్బరొట్టె నిప్పుల లెక్క నేర్పించాలి. పాఠం చెప్పడానికి పుస్తకాలు వెతుక్కోనక్కర్లేదు, అంబాజీపేట నుంచి ఒక మాస్టరుని పిలిచి గౌరవంగా కూర్చోబెడితే చాలు.

తినేవాళ్ళం మనమూ కాస్త పట్టుబట్టాలి. ఆర్డరు ఇచ్చేముందు ‘పిండి ఎప్పుడు రుబ్బారు?’ అని అడగండి, సిగ్గుపడకండి. నిన్నటిదైతే కాఫీ తాగి వచ్చేయండి. అట్టు బాగుంటే బిల్లు కట్టేచోట చెప్పి ఊరుకోకుండా వంటగది గుమ్మం దాకా వెళ్ళి మాస్టరుకే చెప్పండి, పేరు అడగండి, మళ్ళీ వచ్చినప్పుడు ఆ పేరుతో పిలవండి. సంక్రాంతికి కోనసీమ వెళ్తే ఎనిమిది కాకముందే బయల్దేరండి, తర్వాత పొట్టిక్కలు మిగలవు. ప్లేటులో వండిన ఇడ్లీని పనసాకులో చుట్టి తెస్తే మాత్రం తీసుకోకండి, వెనక్కి పంపండి.