అటకెక్కిన కొబ్బరి

కోనసీమ పాత ఇళ్లలో అటక అంత బలంగా కట్టింది పాత సామాన్లు పడేయడానికి కాదు, కురిడీ కోసం, అంటే కాయలోనే ఎండే కొబ్బరి కోసం. దింపు తీశాక ముదురు కాయల్ని ఏరి, డొక్క వలవకుండానే పైకెక్కిస్తారు. ఎనిమిది నెలలు, పది నెలలు, ఒక్కోసారి ఏడాది. లోపల నీళ్లు ఇంకిపోతాయి, కొబ్బరి చిప్పని వదిలి గుండ్రంగా విడిపోతుంది. ముసురు పట్టినప్పుడు కింద పొగ పెడతారు. మంట లేవకూడదు, సెగ మాత్రం తగలాలి. ఆ రోజుల్లో మా ఇంట్లో దుప్పట్లు కూడా పొగ వాసనే వేసేవి.

కాయ ఎండిందో లేదో కంటికి తెలియదు. చెవి దగ్గర పెట్టుకుని ఆడించాలి. నీళ్లున్నది బుడబుడమంటుంది. ఎండింది గటగటలాడుతుంది. తంటా అంతా ఈ రెండింటికీ మధ్యన నోరు మెదపని కాయతోనే. నీళ్లు పోయాయి, కొబ్బరి ఇంకా చిప్పని వదల్లేదు. తొందరపడి కొట్టామా, ముక్కలే. మా ఊళ్లో వలుపుకొచ్చే పెద్దాయన ఒక్కసారి ఆడించి, "ఆయ్, ఇదింకా పచ్చి మీదుందండి, ఓ నెల ఉంచండి" అని పక్కకి దొర్లించేసేవాడు. ఆ చెవి మా నాన్నకీ రాలేదు, నాకూ రాలేదు.

అంబాజీపేట మార్కెట్ ధరల్లో కురిడీది వేరే వరస. పాతవి, కొత్తవి, అందులో గండేరా, గటగట అని రకాలు. అన్నీ వెయ్యి కాయల లెక్క. అక్కణ్ణుంచి సరుకు ఉత్తరాదికి పోతుంది, పెళ్లిళ్లకి, పూజలకి, భాయ్ దూజ్ పండక్కి అన్నదమ్ముల చేతిలో గోలాగా పెట్టడానికి. మనకేమో పచ్చి కొబ్బరి పచ్చడి ఉంటే చాలు.

1996 నవంబరు తుపానుకి తోటలు నేలమట్టమయ్యాక, తిరిగి నాటిన పొడుగు రకం కాపుకి రావడానికి ఆరేడేళ్లు ఆగిన ఊళ్లివి. కాయని ఏడాది ఆపడం వీళ్లకో లెక్కా? లెక్క వేరే చోట తప్పుతోంది. 2025 సీజనుకి కేంద్రం క్వింటాలుకి మిల్లింగ్ కోప్రాకి 11,582 రూపాయలు, బాల్ కోప్రాకి, అంటే మన కురిడీకి, 12,100 రూపాయలు మద్దతు ధర ప్రకటించింది. తేడా 518. అన్ని నెలల అటక, పొగ, ఎలకల వాటా, కుళ్లిన కాయలు, అన్నీ అందులోనే సర్దుకోవాలి. బజారు ధర ఒక్కోసారి మద్దతు ధరని దాటిపోతుంది, నిజమే. కానీ దించే నాటికి ఎంతుంటుందో ఎవడు చెప్పొచ్చాడు?

పైగా పెంకుటిళ్లు పోయి స్లాబులొచ్చాయి, అటకలు పోయాయి. జూన్‌లో పిల్లల ఫీజు కట్టాల్సినవాడిని కాయ ఆపుకోమనడానికి నాకు నోరు రాదు. మా వైపు ఇప్పుడు కురిడీ పోసేది ఎక్కువగా షెడ్లున్న వర్తకులే. రైతు చెట్టు కిందే కాయ లెక్కపెట్టిచ్చి, డబ్బు జేబులో వేసుకుంటాడు. దసరా ముందు గండేరా ధర పెరిగితే పేపర్లో చదువుకుంటాడు.