మానైనా వంగుతుంది

ఛత్తీస్‌గఢ్‌లోని మా గీదం చుట్టుపక్కల నాకు ఎక్కువగా కనిపించే గుర్రాలు మట్టివీ, ఇత్తడివీ. మొక్కు తీరినవాళ్లు ఊరి దేవత ముందు మట్టి గుర్రం పెడతారు. కొండగావ్ ఘడ్వా పనివాళ్లు మైనంతో రూపం కట్టి లోహం పోసి గుర్రాలు చేస్తారు. వాటి నాలుగు కాళ్లూ నేలమీదే ఉంటాయి. ప్రాణమున్న గుర్రం గాల్లోకి లేవడం చూడాలంటే బీజాపూర్, భోపాలపట్నం మీదుగా గోదావరి దాటి హైదరాబాద్ దాకా పోవాలి.

అక్కడి రైడింగ్ క్లబ్బుల్లో దూకడం నేర్చుకునే గుర్రాల్లో మలక్‌పేట రేసుకోర్సు వదిలి వచ్చినవీ ఉంటాయి. చిన్న వయసులోనే పందేల్లో పరుగెత్తి, గెలుపులు తగ్గాక చేతులు మారినవి. నాలుగైదేళ్లు వచ్చాక వాటికి దూకడం నేర్పబోతే పక్కనున్నవాళ్లు ఒక సామెత అందుకుంటారు: మొక్కై వంగనిది మానై వంగునా? గుర్రాల విషయంలో ఆ సామెతను నేను ఒప్పుకోను.

ముందు దూకే తీరు చూడండి. అడ్డకర్ర దగ్గరికి రాగానే ముంగాళ్లు నేలను తన్ని ముందుభాగాన్ని పైకెత్తుతాయి. ఆ వెంటనే వెనకకాళ్లు రెండూ కలిసి నేలను నెట్టి ఒంటిని గాల్లోకి పంపుతాయి. కాలు నేల వదిలాక శరీర భారం ఏ దారిన పోవాలో ఖరారైపోయినట్టే. ఇక గుర్రం చేయగలిగేదల్లా కాళ్లు ముడవడం, మెడ దించి వీపు వంచడం. కాళ్లు చక్కగా ముడిచే గుర్రం తక్కువ ఎత్తు ఎగిరినా కర్ర తగలకుండా దాటుతుంది. బలంతో పాటు ఆ పొదుపూ నేర్పే.

ఆ పొదుపు చిన్నప్పటి నుంచే నేర్పితే మేలా? నెదర్లాండ్స్‌లోని ఊట్రెక్ట్ పరిశోధకులు 40 గుర్రప్పిల్లలతో దీన్ని పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు. 20 పిల్లలకు ఆరో నెల నుంచి 30 నెలలు తర్ఫీదు ఇచ్చారు. మిగతా 20 మామూలుగా పెరిగాయి. నాలుగో ఏట చూస్తే తర్ఫీదు పొందినవి ఒంటిని తక్కువ ఎత్తు లేపి కూడా ఎక్కువ అడ్డాలు దాటాయి. ఆ తర్వాత రెండు గుంపులకూ ఏడాదిపాటు గట్టి శిక్షణ ఇచ్చారు. ఐదో ఏట ఆ తేడా కనిపించలేదు. ఎంత ఎత్తు దూకగలవో తేల్చే పోటీలోనూ ముందు మొదలుపెట్టినవి మెరుగనిపించుకోలేదు.

ఎముకల ఎదుగుదల కూడా నిదానమే. ముంగాలి మోకాటికి పైనున్న ఎముక చివర పెరుగుదల ఆగడానికి సుమారు రెండు, రెండున్నరేళ్లు పడుతుంది. వెన్నుపూసలకైతే ఐదేళ్లు దాటాలి. యువ గుర్రాల ప్రపంచ జంపింగ్ పోటీలు కూడా ఐదు, ఆరు, ఏడేళ్ల వయసువాటికే జరుగుతాయి.

ఆ 40 గుర్రాలూ డచ్ వార్మ్‌బ్లడ్ జాతివి. మలక్‌పేట నుంచి వచ్చే థరోబ్రెడ్ జాతి పందెపు గుర్రానికి ఇంకో చిక్కుంది. ఒళ్లు చాచి దౌడు తీయడం దానికి అలవాటు. కాబట్టి ముందు నెమ్మది నేర్పాలి. నేలమీద పరిచిన కర్రల మీదుగా నడిపించి, తర్వాత చిన్న పరుగులో దాటించి, ఆపైనే అడుగెత్తు అడ్డం పెట్టాలి. ముక్కు కింద, నుదుటికి ఎదురుగా మరీ దగ్గరున్నది గుర్రానికి కనిపించదు. అందుకే దూరం ముందుగానే అంచనా కట్టుకోవాలి. అడ్డానికి కాస్త ఇవతల నేలమీద ఇంకో కర్ర వేస్తే ఎక్కడ ఎగరాలో దానికే తెలిసివస్తుంది. కర్ర ఎత్తు పెంచాలన్న తొందర రౌతుదే, గుర్రానిది కాదు.

నాలుగేళ్ల గుర్రాల పోటీలో గెలిచినదానికి అక్కడికక్కడే ధర కట్టేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీరు చూసింది గుర్రం సత్తువా, ముందుగా మొదలుపెట్టిన సాధనా అన్నది ఆరోజు తేలదు. ఇంకో ఏడాది ఆగండి. ఈలోగా మలక్‌పేట నుంచి వచ్చిన ఐదేళ్లదాన్ని కూడా ఒకసారి చూడండి.