అల్మారాలో దాగిన పనితనం

అక్వేరియం చూసినవాళ్లు చేపల్ని మెచ్చుకుంటారు. కింద అల్మారాలో కూర్చున్న క్యానిస్టర్ ఫిల్టర్‌నీ, దాన్ని బిగించిన మనిషినీ ఎవరూ తలచుకోరు.

మంచి ఫిట్టర్ వస్తూనే ప్లగ్ పెట్టడు. ముందు మూత విప్పి, దాని చుట్టూ ఉండే రబ్బరు రింగును వేలితో తడిమి చూస్తాడు. అక్కడ ఇసుక రేణువు ఇరుక్కుంటే తెల్లారేసరికి గదంతా నీళ్లే. తుడిచి, సిలికాన్ గ్రీజు పల్చగా రాసి కూర్చోబెడతాడు. లోపలి బుట్టలకూ ఒక వరస ఉంది. నీళ్లు ముందు తగిలేచోట ముతక స్పాంజి, ఆ తర్వాతే సెరామిక్ రింగులు. వరస తప్పితే రింగుల సన్నని రంధ్రాలు మడ్డితో పూడిపోతాయి.

తొట్టి పైన, డబ్బా కింద కాబట్టి గొట్టంలో ఒకసారి నీళ్లు అందితే వాటంతట అవే దిగుతాయి. డబ్బా నిండాకే స్విచ్ వేస్తాడు. చిక్కుకున్న గాలి పోయేలా డబ్బాను మెల్లగా అటూ ఇటూ వంచుతాడు. గరగర తగ్గిందంటే పంపు దారిలో పడ్డట్టే. కరెంటు తీగను మాత్రం సాకెట్ కంటే కిందికి వేలాడనిస్తాడు. తీగ వెంట జారిన చుక్క నేల మీదే రాలాలి.

"చేపలు ఇప్పుడే వద్దు సార్, రోజూ చిటికెడు మేత వేసి ఫిల్టర్ ఆపకుండా నడపండి" అంటాడు చివర్లో. ఆ మేత కుళ్లితే వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రింగుల మీద స్థిరపడటానికి వారాలు పడుతుంది. రింగులను కుళాయి కింద కడగొద్దనీ చెబుతాడు, క్లోరిన్‌కు ఆ బ్యాక్టీరియా చస్తుంది. ఆ రోజే చేపలు అమ్మితే లాభం అతనికే. అయినా ఆగమంటాడు చూడండి, అందుకే అతనంటే నాకు గౌరవం.