ఎగిరేవాళ్ల వెనక ఉన్నవాళ్లు

మోరిస్‌విల్‌లో మా ఆదివారం తెలుగు తరగతి పిల్లలకు కథ రాయమంటే చాలు, సముద్రపు ఒడ్డున ఒక తెగ, వాళ్లెక్కి తిరిగే రెక్కల జంతువులు సిద్ధం. 2022లో వచ్చిన ‘అవతార్’ రెండో భాగం చలవ. రెక్కల రంగు, కోరల పొడవు, కళ్లలో నిప్పులు అన్నీ రాస్తారు. ఆ జంతువులకు మేత ఎవరు వేస్తారో, పెంట ఎవరు ఎత్తుతారో, ఎక్కినవాడు జారిపడితే ఎవరు పరిగెత్తుకొస్తారో ఒక్కరూ రాయరు. నిజానికి ఆ సినిమాలో అడవి నుంచి వచ్చిన పిల్లలకు సముద్రపు తెగ మెట్కాయినా వాళ్లు ఓపిగ్గా ఊపిరి పట్టడం నేర్పిస్తారు. నాకు యుద్ధాల కన్నా అదే నచ్చింది. మన ‘కీలుగుర్రం’ (1949) సినిమాలోని ఎగిరే గుర్రానికి ఈ మేత తంటా లేదనుకోండి. కొయ్యది, గడ్డి అడగదు.

ఎగిరే తెగ గురించి రాయాలనుకునేవాళ్లకు మన నార్త్ కరోలినా రాష్ట్రంలోనే మంచి నమూనా ఉంది. కారులో తూర్పుకు మూడు గంటలు దాటి వెళ్తే కిల్ డెవిల్ హిల్స్. అక్కడి లైఫ్ సేవింగ్ స్టేషన్ మనుషులు రాత్రిళ్లు ఇసుకలో గస్తీ తిరిగేవాళ్లు. ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే పడవేసుకుని అలల్లోకి దూకేవాళ్లు. 1903 డిసెంబర్ 17 పొద్దున, డేటన్ నుంచి వచ్చిన సైకిల్ షాపు అన్నదమ్ములు ఆర్విల్, విల్బర్ రైట్ గుడ్డ ఎగరేసి సైగ చేస్తే సాయానికి వచ్చింది వీళ్లే. పావు టన్ను దాటిన యంత్రాన్ని ఆ చలిగాలిలో పట్టాల మీదికి చేర్చారు. ఆర్విల్ 12 సెకన్లు, 120 అడుగులు ఎగిరాడు. ప్రపంచమంతా చూసిన ఆ ఫొటో తీసింది వీళ్లలో ఒకడైన జాన్ డేనియల్స్.

నాలుగోసారి విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు వెళ్లాడు. ఆ తర్వాత నేల మీద ఉన్న విమానాన్ని ఈదురుగాలి ఎత్తేసింది. అందరూ పట్టుకోబోయారు, డేనియల్స్ మాత్రం వదల్లేదు. కర్రల, తీగల మధ్య ఇరుక్కుని దానితోపాటే దొర్లాడు. ఒళ్లంతా గీరుకుపోయి బయటపడ్డాడు. ఆ విమానం మళ్లీ ఎప్పుడూ ఎగరలేదు.

ఇది చెప్పాక ఒక పాప తన కథలో కొత్త పాత్ర చేర్చింది: గాలి రేగినప్పుడు పక్షి కాలు పట్టుకునే తాత.

కిల్ డెవిల్ హిల్స్ వైపు వెళ్తే గుట్ట మీది స్మారకస్తంభం చూసి వెనక్కి తిరిగేయకండి. గుట్టకు అవతల ఆ ఉదయాన్ని నిలువెత్తు విగ్రహాలుగా నిలిపారు. కెమెరా దగ్గర నిలబడ్డ డేనియల్స్‌ను మీ పిల్లలకు చూపించండి.