కోసిచ్చిన మాత్రకూ ధర కనబడాలి

ఈ వారం ఆదోనిలో ఒక మందుల షాపులో పెద్దాయన ఒకాయన బీపీ మాత్రలు అడిగాడు. "అయిదు చాలప్పా" అన్నాడు. షాపాయన కత్తెరతో షీటు కోసి ముక్క చేతిలో పెట్టాడు. ధర, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అచ్చయిన కొస షాపులోనే ఉండిపోయింది. పెద్దాయన చేతికొచ్చిన ముక్క మీద మందు పేరు సగమే ఉంది. నాకు ఒళ్లు మండింది.

కొన్నదాని ధర కొన్నవాడికి కనబడాలన్నది ఈ కాలమ్‌లో నేను వదలని పట్టు. మందుల విషయంలో చట్టం పట్టూ అదే. 2013 మే 15 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ లాంటి అత్యావశ్యక మందులకు గరిష్ట ధర ఉంటుంది. మార్కెట్లో ఒక శాతం, ఆపైన వాటా ఉన్న బ్రాండ్లు దుకాణదారుకు పడే ధరల సగటు తీసి, 16 శాతం లాభం కలిపి జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ (ఎన్‌పీపీఏ) ఆ ధర కడుతుంది. జీఎస్టీ అదనం. కంపెనీ అంతకు మించి తీసుకుంటే ఆ సొమ్ము వడ్డీతో సహా ప్రభుత్వానికి కట్టాలి. ధరల పట్టిక డీలర్లకు పంపాలి, దుకాణంలో అది అందరికీ కనబడాలి.

2025 సెప్టెంబరు 22న చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగినప్పుడు ఈ పట్టికే దిక్కయింది. కొత్త ధరకు అమ్మించగలిగితే చాలు, పాత షీట్లు వెనక్కి తెప్పించి ధర మార్చి అంటించనక్కర్లేదన్నారు. అంటే 112 రూపాయలని అచ్చయిన షీటు 105కే ఇవ్వాలి. పట్టిక చూడనివాడికి ఆ ఏడు రూపాయల సంగతి తెలిసే దారేది?

అయితే విడిగా అమ్మడమే ఆపించాలి అనుకున్నాను. అంతలో మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆమె ఏటా కోసిగి నుంచి మిరపకాయల సుగ్గికి, అంటే కోత కూలికి, గుంటూరు వైపు పోయేది. బయల్దేరే ముందు చేతిలో ఉన్న డబ్బును బట్టి మాత్రలు కొనేది. చదువు రాదు, రంగు చూసి వేసుకునేది. అయిపోతే అక్కడి షాపులో చూపించడానికి ఖాళీ ముక్క కొంగున కట్టుకునేది. దాని మీద పేరు పూర్తిగా లేకపోతే షాపువాడు తెలియదనేవాడు, ఈమె మాత్ర మానేసేది. ఏ రోజు కూలి ఆ రోజుకే సరిపోయే మనిషిని నిండు షీటు కొనమంటే మందు మానెయ్యమన్నట్టే.

ఉత్తర్వు రాసినవాళ్లు ఇది ఎరుగుదురు. విడిగా అమ్మినా షీటు ధరలో ఆ మాత్రల వంతుకు మించి తీసుకోరాదని అందులోనే ఉంది. ముక్క మీద ధర లేనప్పుడు వంతు లెక్క ఎవరు కడతారు? 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. బ్యాచ్, తేదీలు, తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు అందులో ఉండాలన్నారు. ధర ఉండాలనలేదు.

కత్తెర మీద నా కోపం పోయింది, కంపెనీల మీద నిలిచింది. ప్రతి మాత్ర వెనకా పేరు, గడువు, ఒక్క మాత్ర ధర అచ్చెయ్యాలి. కేంద్రం దాన్ని నియమం చెయ్యాలి. అంతవరకు ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం పాఠకులకు ఒక మాట: మాత్రలు కోయించుకునేటప్పుడు ధర ఉన్న కొస చూపించమనండి, పట్టిక ఎక్కడుందో అడగండి. పక్కన చదువు రాని మనిషి ఉంటే ఆ లెక్క మీరే కట్టి చెప్పండి.