పిల్లలు రావడానికి ముందురోజు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో కోడిపిల్లల పెంపకం ఎవరూ పుస్తకం చూసి నేర్చుకోలేదు. పొదుగుకు కూర్చున్న పెట్టను చూసి, పది పన్నెండు గుడ్లు ఏరి, తట్టలో ఇసుకో వరిగడ్డో పరిచి మూలన పెడితే ఇరవై ఒకటో రోజుకు పిల్లలు బయటికొస్తాయి. ఆ తర్వాత పనంతా పెట్టదే. హేచరీ నుంచి ఒకరోజు పిల్లల్ని అట్టపెట్టెలో తెచ్చి, మొదటిసారి ఇంట్లో పెంచబోయేవారికి ఆ పెట్ట ఉండదు. అందుకే వాళ్ళు ఎన్ని వాట్ల బల్బు కొనాలని అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సింది, పెట్ట ఏమేం చేసేదని. పిల్లలు బతికేదీ పోయేదీ చాలావరకు అవి గడప దాటడానికి ముందురోజే తేలిపోతుంది. ఆ ముందురోజు ఏం చెయ్యాలో, పెట్టనూ పిల్లల్నీ మూసిపెట్టే పాత గంపను చూసి నేర్చుకోవచ్చు.

పెట్ట ఒంటి వేడి సుమారు 41 డిగ్రీల సెల్సియస్. నూగు మాత్రమే ఉన్న పిల్ల మొదటి పది పదిహేను రోజులు తన ఒంటి వేడిని తాను కాపాడుకోలేదు. పచ్చసొన మిగులు కడుపులో ఉంటుంది కాబట్టి రెండు మూడు రోజులు మేత లేకున్నా తట్టుకుంటుంది. హేచరీల వ్యాపారం నడుస్తున్నదే దాని దయవల్ల. చలిని తట్టుకోవడానికి మాత్రం అలాంటి నిల్వేదీ లేదు. మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. సముద్రమట్టానికి 700 మీటర్ల దరిదాపు ఎత్తున్న ఈ మూడు ఊళ్ళలో డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. అంటే ఇరవై డిగ్రీల తేడాను మనిషి పూడ్చాలి. పిల్లకు రెండు వాట్ల లెక్కన బల్బులు పెడతారు. ఇప్పుడు దుకాణంలో ముందు చేతికిచ్చేది ఎల్‌ఈడీ. అది వెలుగిస్తుంది కానీ వేడి ఇవ్వదు, పాత రకం ఫిలమెంటు బల్బే అడిగి తెచ్చుకోవాలి. పైగా పిల్ల కాళ్ళ కింది నుంచి కూడా వేడిని పోగొట్టుకుంటుంది. రెండంగుళాల మందాన వరి ఊకో వేరుశనగ పొట్టో పరిచి, బల్బును ఒక పగలూ ఒక రాత్రీ ముందే వెలిగించి ఉంచితే తప్ప నేల వెచ్చబడదు.

ఇలాంటి సిద్ధపాటు ఈ ప్రాంతానికి కొత్త కాదు. మల్బరీ తోటలున్న ఇళ్ళలో చాకీ పురుగులు, అంటే పట్టుపురుగు పిల్లలు, రాకముందే గది కడిగి, బ్లీచింగ్ పౌడరుతో శుద్ధి చేసి, వేడిని 27, 28 డిగ్రీలకు తెచ్చి పెట్టుకుంటారు. పురుగులు వచ్చాక గది కడగడం కుదరదని పట్టు రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ క్రమశిక్షణలో సగం కోడిపిల్లల వైపు తిప్పినా చాలు. కోడి మనకు మరీ బాగా తెలిసిన జీవి కావడమే చిక్కు. తెలిసినదాని కోసం ఎవరూ ముందుగా సిద్ధపడరు.

గంపనే చూడండి. అది గుండ్రంగా ఉంటుంది, అల్లికలో గాలాడే సందులుంటాయి. చలేసినా బెదిరినా పిల్లలు మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి, అడుగునున్నవి ఊపిరాడక చస్తాయి. గంపకు మూలలు లేవు. గదిలో పెంచేటప్పుడు అడుగున్నర ఎత్తు అట్టనో రేకునో గుండ్రంగా చుట్టి నిలబెట్టమని పశువైద్యులు చెప్పేది ఇందుకే. పెట్ట రెక్క కింద వేడి, రెండడుగుల అవతల చల్లదనం. ఏది కావాలో పిల్లే ఎంచుకుంటుంది. బల్బును ఆవరణ మధ్యలో వేలాడదీసి అంచుల్ని చల్లగా వదిలితే ఆ ఎంపిక మళ్ళీ పిల్లకు దక్కుతుంది. అన్నీ బల్బు కింద గుమిగూడితే చలి, అంచులకు పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువ, ఒకే పక్కకు చేరితే ఎక్కడినుంచో గాలి కొడుతోంది. ఈజిప్టులో మట్టితో కట్టిన పొదుగు గదుల్లో పనిచేసేవారు థర్మామీటరు లేకుండానే గుడ్డును కనురెప్పకు ఆనించి వేడిని తేల్చేవారు. థర్మామీటరు వద్దనడం లేదు, దాన్ని సరిచూసేది పిల్లల నడవడే. కరెంటు పోతే బొగ్గుల కుంపటి పెట్టడం మాత్రం పాత అలవాటే అయినా, తలుపులు మూసిన గదిలో దాన్నుంచి వచ్చే విషవాయువు పిల్లలకే కాదు, మనుషులకూ ప్రాణాంతకం.

పెట్ట ఉండగా ఇంత తంటా ఎందుకని అడగవచ్చు. పది పిల్లలు చాలనుకునే ఇంట్లో నాటుపెట్ట పొదుగుకు కూర్చుంటే దాన్ని మించిన ఏర్పాటు లేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ పిల్లల్ని వెంటేసుకుని తిరిగినన్నాళ్ళు అది గుడ్డు పెట్టదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో రూపొందిన వనరాజా, గ్రామప్రియ రకాల్లో పొదిగే గుణమే దాదాపు లేదు. అలాంటప్పుడు నెల దాటిన పిల్లల్నే కొనుక్కోవచ్చు కదా అన్నది రెండో మాట. పెరటి కోళ్ళ పథకంలో ప్రభుత్వం కూడా మదర్ యూనిట్లలో నాలుగు వారాలు పెంచాకే పిల్లల్ని పంచేలా ఏర్పాటు చేసింది. ఆ నాలుగు వారాలు ఎంత గడ్డువో దాన్నిబట్టే తెలుస్తుంది. గదినీ రాత్రి నిద్రనూ ఇవ్వలేనివారు ఆ దారినే పోవడం మంచిది. ఇవ్వగలిగినవారికి తక్కువ ధరలో పిల్లలు దొరుకుతాయి, మొదటి రోజు నుంచీ ఏం తిన్నాయో తెలిసి ఉంటుంది.

మేత దగ్గర మాత్రం పాత పద్ధతిని సగమే అనుకరిస్తే దెబ్బ తగులుతుంది. నూకలు, రాగులు వేస్తే చాలని పెద్దలు అన్నది పెట్ట వెంట తిరిగే పిల్లల గురించి. మిగతాది అవి పెంటకుప్ప గీరి, చెదలూ పురుగులూ ఏరుకుని పూడ్చుకునేవి. నూకల్లో మాంసకృత్తులు నూటికి ఏడెనిమిది పాళ్ళు, పిల్లకు కావలసింది ఇరవై. నాలుగు గోడల మధ్య పురుగు దొరకదు కాబట్టి పిల్లల కోసం తయారుచేసిన స్టార్టర్ మేతే పెట్టాలి. నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు వేస్తే పిల్లలు మునగవు.

ఇంట్లో పెంచితే కంపు, రోగాలు అన్న అభ్యంతరం తోసిపుచ్చదగ్గది కాదు. వంటగదిలో, పడకగదిలో పెంచకూడదు. పిల్లల్ని పట్టుకున్న చేతుల్ని సబ్బుతో కడుక్కోవాలి. కళ్ళు మండే ఘాటు వచ్చిందంటే ఊక తడిసిందని అర్థం. తడిసినంత మేర తీసి పొడి ఊక వెయ్యాలి. ఇంతకంటే పెద్ద భయం కొక్కెర తెగులు. 1927లో రాణీఖేత్‌లో బయటపడి ఆ ఊరి పేరే పెట్టుకున్న ఈ జబ్బుకు వచ్చాక మందు లేదు, రాకముందు టీకా ఉంది. ఐదు నుంచి ఏడు రోజుల మధ్య లసోటా టీకా చుక్క కంట్లో వేయించాలి. ఒక్కో సీసాలో వందకు తక్కువ కాకుండా మోతాదులుంటాయి, కలిపాక ఐసు మీద పెట్టినా ఒకటి రెండు గంటల్లో వాడెయ్యాలి. ఇరవై పిల్లలున్న ఇల్లు ఒంటరిగా సీసా కొంటే అధికభాగం పారబోయడమే, లేదా ఖర్చుకు జంకి టీకానే మానెయ్యడం. కాబట్టి పిల్లల్ని ఆర్డరు చేసేముందే వీధిలో ఇంకో ముగ్గురు నలుగురిని కలుపుకుని, అందరూ ఒకే రోజు తెప్పించుకునేలా మాట్లాడుకోవాలి.