పార్లమెంటు లేని చట్టానికి ఒక వాక్యం

అంతర్జాతీయ న్యాయం గురించి మొదటిసారి వినేవాళ్లు ముందు అడిగేది ఇదే: ఈ చట్టం చేసిందెవరు? ప్రపంచానికంతటికీ ఒక పార్లమెంటు లేదు, గెజెట్ లేదు, తీర్పు పట్టుకొని ఇంటికొచ్చే అమీను లేడు. మరి హేగ్‌లో న్యాయమూర్తి ముందుకు రెండు దేశాలు వచ్చి నిలబడితే ఆయన ఏ పుస్తకం తెరుస్తాడు? జవాబు ఏ వెయ్యి పేజీలో ఉంటుందనుకుంటాం. ఉన్నది ఒక్క వాక్యం. అంతర్జాతీయ న్యాయస్థానపు నిబంధనావళిలో 38వ అధికరణం, మొదటి క్లాజు. లా విద్యార్థులు దాన్ని పరీక్షకు బట్టీపట్టి, పరీక్ష హాల్లోనే వదిలేసి వస్తారు. ఇంత కొద్ది మాటలతో ఇంత బరువు మోసే వాక్యం చట్టాల్లో అరుదు కాబట్టి, దాని అతుకులు ఎక్కడున్నాయో చూస్తూ ఒకసారి నిదానంగా చదవడం బాగుంటుంది.

తన ముందుకొచ్చిన వివాదాలను అంతర్జాతీయ న్యాయం ప్రకారం తేల్చడమే పనిగా గల ఈ కోర్టు నాలుగింటిని చూడాలంటుంది ఆ వాక్యం. మొదటివి, వివాదంలో ఉన్న దేశాలు ఒప్పుకున్న నియమాలుండే ఒడంబడికలు. రెండోది, చట్టంగా అంగీకారం పొందిన ఆచరణకు రుజువుగా నిలిచే అంతర్జాతీయ ఆచారం. మూడోవి, నాగరిక దేశాలు గుర్తించిన సామాన్య న్యాయసూత్రాలు. చివరగా, నియమం ఏమిటో తేల్చుకోవడానికి ఉపకరించేవిగా మాత్రమే, కోర్టు తీర్పులూ పేరున్న న్యాయవేత్తల రచనలూ.

దీని తొలి రూపం 1920 వేసవిలో తయారైంది. నానాజాతి సమితి పది మంది న్యాయవేత్తలను హేగ్‌లోని పీస్ ప్యాలెస్‌లో కూర్చోబెట్టి, ఇప్పటి కోర్టుకు పూర్వరూపంగా కొత్తగా పెట్టబోయే శాశ్వత అంతర్జాతీయ న్యాయస్థానానికి నిబంధనలు రాయమంది. జూన్ 16న మొదలుపెట్టి జూలై 24కల్లా ముగించారు. ఒడంబడికల దగ్గర, ఆచారం దగ్గర పెద్ద పేచీ రాలేదు. పేచీ అంతా మూడోదాని దగ్గరే వచ్చింది. ఒడంబడికా లేక, ఆచారమూ లేక న్యాయమూర్తి చేతులు ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలి? నాగరిక దేశాల న్యాయ అంతరాత్మ ఏమంటుందో దాన్ని పాటించాలన్నాడు అధ్యక్షుడు, బెల్జియం వాడైన బారన్ దెకాం. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి ఎలీహూ రూట్ ఒప్పుకోలేదు. న్యాయమూర్తుల అంతరాత్మకు తమ భవిష్యత్తును అప్పగించే దేశం ఏదీ ఉండదన్నది ఆయన వాదన. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, అందుకే చిక్కు అంత గట్టిగా బిగిసింది.

ముడి విప్పింది ఇంగ్లండ్ నుంచి వచ్చిన లార్డ్ ఫిల్లిమోర్. న్యాయమూర్తి తన లోపలికి చూసుకోనక్కర్లేదు, దేశాలు తమ ఇళ్లలో ఇప్పటికే పాటిస్తున్న చట్టాలవైపు చూస్తే చాలన్నాడు. చిత్తశుద్ధితో నడుచుకోవాలి, ఒకసారి తీర్పయిన తగాదాను మళ్లీ తవ్వకూడదు వంటివి ప్రతి దేశపు కోర్టుకూ తెలిసినవే కదా. రూట్, ఫిల్లిమోర్ కలిసి ఆ అర్థంలో ముసాయిదా ఇచ్చారు. దాంతో న్యాయమూర్తి చెయ్యి ఖాళీగా ఉండదు, అలాగని ఆయన చేతికి శాసనాధికారమూ రాదు. రాజీ అంటే రెండు పక్షాలూ సగం సగం వదులుకోవడం అనుకుంటాం గానీ, ఇక్కడ ఇద్దరూ తమకు నిజంగా కావలసినదాన్ని దక్కించుకున్నారు.

ఆ ముసాయిదాలో ఇంకో మాట ఉండేది: వీటిని ఈ వరుసలోనే వర్తింపజేయాలని. సమితి సభకు వెళ్లాక దాన్ని కొట్టేశారు. అంకెలు మిగిలాయి, ఆజ్ఞ పోయింది. ఈ అధికరణంలో నాకు అన్నిటికన్నా నచ్చే పని ఈ కొట్టివేతే. వరుసను చట్టం చేసి ఉంటే పాత ఒడంబడిక మీద కొత్త ఆచారం పైచేయి సాధించిన ప్రతిసారీ కోర్టు తన నిబంధనతోనే కుస్తీ పట్టాల్సి వచ్చేది. వదిలేశారు కాబట్టి న్యాయమూర్తి మామూలుగా ముందు ఒడంబడికనే వెతుకుతాడు, అవసరమైతే పక్కకు జరుగుతాడు.

ఈ వాక్యం పనిచేస్తుంటే చూడాలనుకునేవారికి మన దేశం ఒక పార్టీగా ఉన్న కేసే ఉంది. దామన్ తీరం నుంచి లోపలి దాద్రా, నగర్ హవేలీలకు భారత భూభాగం మీదుగా వెళ్లే హక్కు తనదని పోర్చుగల్ 1955 డిసెంబరులో వేసిన దావా అది. అంతకు ముందటి ఏడాదే ఆ ప్రాంతాల్లో పోర్చుగీసు పాలన కూలిపోయింది. పోర్చుగల్ వకీళ్లు ఏదీ వదలలేదు. పీష్వాతో 1779లో జరిగిన ఒప్పందం, 1783, 1785 సనదులు, స్థానిక ఆచారం, ప్రపంచమంతటి ఆచారం, సామాన్య న్యాయసూత్రాలు, అన్నీ బల్లమీద పరిచారు.

1960 ఏప్రిల్ 12న వచ్చిన తీర్పు వాటిని ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని చూసింది. మరాఠాల పత్రాలు ఇచ్చింది గ్రామాల మీద శిస్తు వసూలు హక్కే తప్ప సార్వభౌమాధికారం కాదు, కాబట్టి దారి హక్కు అక్కడ పుట్టలేదు. ఆచారం మాటేమిటి? రెండే దేశాల మధ్య ఆచారం ఏర్పడదన్న భారత్ వాదనను కోర్టు తోసిపుచ్చింది. ఇద్దరే అయినా, దీర్ఘకాలంగా తమ సంబంధాలను నడిపే కట్టుబాటుగా దాన్ని ఒప్పుకుంటే చాలన్నది. ప్రైవేటు వ్యక్తులు, పౌర అధికారులు, సరుకులు నూట పాతికేళ్లకు పైగా స్వేచ్ఛగా వచ్చిపోయినట్టు తేలింది కాబట్టి ఆ మేరకు హక్కు ఉంది. సైన్యం, సాయుధ పోలీసులు, ఆయుధాల సంగతి వేరు. వాటికి అనుమతి అడుగుతూనే వచ్చారు. సైనికులు ముందుగా అడగనిదే రాకూడదని 1878లో బ్రిటిష్ వారితో చేసుకున్న ఒప్పందంలోనే ఉంది. పొరుగువాడి గట్టు మీదుగా తన చేలోకి వెళ్లే రైతుకు ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. అడగకుండా నడిచే దారి వేరు, అడిగి బండి తోలుకునే దారి వేరు. రెండూ ఏళ్ల తరబడి జరిగినా మొదటిది హక్కు, రెండోది మర్యాద.

“చట్టంగా అంగీకారం పొందిన” అన్న రెండో భాగపు షరతు చేసే పని సరిగ్గా ఇదే. ఎన్నిసార్లు జరిగిందన్న లెక్కతో ఆగకుండా, ఏమనుకుని జరిపారో అడగమంటుంది. స్థానిక ఆచారంతోనే సంగతి తేలిపోయింది గనుక ప్రపంచ ఆచారం జోలికీ సామాన్య సూత్రాల జోలికీ కోర్టు వెళ్లలేదు. హక్కు ఉన్నా దాన్ని నియంత్రించే అధికారం భారత్‌దేనని, 1954 నాటి ఉద్రిక్తతలో దారి ఆపడం తప్పు కాదని 9–6 మెజారిటీతో తేల్చింది. భారత్ నియమించిన న్యాయమూర్తిగా కూర్చున్న ఎం.సి. చాగ్లా భిన్నాభిప్రాయం రాశారు.

నాలుగో భాగంలో ఉన్నది ఒక చిన్న చమత్కారం. పాత తీర్పులను చూడమంటూనే 59వ అధికరణానికి లోబడి అంటుంది. ఆ అధికరణమేమో తీర్పు ఆ కేసుకు, ఆ పార్టీలకు మాత్రమే కట్టుబాటు అంటుంది. కాగితం మీద పూర్వ తీర్పుకు బలం లేదన్నమాట. ఆచరణలో ఈ కోర్టు అన్నిటికన్నా ఎక్కువగా ఉదహరించేది తన తీర్పులనే. ప్రొఫెసర్ల పేర్లు మాత్రం దాదాపు ఎత్తదు.

వాక్యం తలుపు మూసెయ్యలేదు కూడా. ఇవే, ఇంకేవీ కావు అని ఎక్కడా అనదు. 1974లో ఫ్రాన్స్ అణుపరీక్షల కేసులో, వాతావరణంలో పరీక్షలు ఇక జరపమని ఫ్రెంచి ప్రభుత్వం బహిరంగంగా ఇచ్చిన మాటే దానికి కట్టుబాటు అవుతుందన్నది కోర్టు. ఒక దేశం ఏకపక్షంగా ఇచ్చే మాట ఆ నాలుగింటిలో కనిపించదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆచరణకు ఆచారం రుజువు అనడం తలకిందులుగా ఉందని, ఆచారానికి ఆచరణే రుజువు కదా అని పండితులు ఎప్పటినుంచో గొణుగుతున్నారు. గొణుగుడు న్యాయమే, కానీ దానివల్ల ఏ కేసూ చెడిపోలేదు. “నాగరిక దేశాలు” అన్నది అంత తేలికగా కొట్టిపారెయ్యదగ్గది కాదు. ఆ పది మందిలో ఆసియా నుంచి వచ్చినవాడు జపాన్ వాడైన అదాచీ ఒక్కడే. ప్రపంచంలో చాలా భాగం అప్పటికి వలస పాలనలో ఉంది. 1945లో కోర్టును కొత్తగా పెట్టినప్పుడు, అంతర్జాతీయ న్యాయం ప్రకారం తేల్చడమే దీని పని అన్న మొదటి మాటను చేర్చారు గానీ ఈ విశేషణాన్ని ముట్టుకోలేదు. 1969లో లెబనాన్ న్యాయమూర్తి ఫవాద్ అమ్మూన్ తన ప్రత్యేక అభిప్రాయంలో దీన్ని సూటిగా తప్పుపట్టారు. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక అప్పటికే “దేశాల సముదాయం” అన్న మాట వాడింది. న్యాయవేత్తలు ఇప్పుడు ఆ అర్థంలోనే చదువుకుంటున్నారు. అచ్చులో మాత్రం పాత మాట అలాగే ఉంది. నిబంధనావళిని మార్చాలంటే ఐక్యరాజ్యసమితి చార్టర్‌ను మార్చే పద్ధతే గతి. అంటే సభ్యదేశాల్లో మూడింట రెండు వంతుల ఆమోదం కావాలి, వాటిలో భద్రతామండలి శాశ్వత సభ్యదేశాలు ఐదూ ఉండాలి.